రెండు నిమిషాల చుట్టు, నా కటింగు బల్ల

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కుర్చీలో ఉన్న గుడ్డలు మంచం మీద పడేయండి, తర్వాత నేను మడత పెట్టుకుంటాను. మిషను ఆపేశాను, ఇక చప్పుడుండదు. మా తమ్ముడు రేసు కారు తోలిన సంగతి చెబుతాను. కారంటే నిజం కారు కాదు. అది ముందే చెప్పకపోతే మీరు వాణ్ణి మొనగాడనుకుంటారు.

మాది జగ్గయ్యపేట. నాన్న కట్టిన ఇంట్లోనే కింది వాటాలో నేను, పై వాటాలో తమ్ముడూ మరదలూ ఉంటాం. నేను ఐదో తరగతితో బడి మానేసి మిషను నేర్చుకున్నాను. అప్పటినుంచీ జాకెట్లు కుడుతూనే ఉన్నాను. కొలతలు పుస్తకంలో రాసుకోను. ఒక్కసారి టేపు పెట్టానంటే ఆ మనిషి భుజం, చంక, చేతి పొడవు నా తలలో ఉండిపోతాయి. పెళ్ళికి ముందు కొలిచిన పిల్ల ఇద్దరు బిడ్డల తల్లయి వస్తే, ఎక్కడ ఎంత పెరిగిందో టేపు తియ్యకుండానే చెప్పేస్తాను. అందుకే కొంతమందికి నేనంటే కోపం.

తమ్ముడు మాత్రం చదువుకున్నాడు. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు, రోజూ బస్సులో వెళ్ళొస్తాడు. నలభై దాటాయి. వాడికి ఒక స్కూటరుంది. దాని మీద నన్నొకసారి పెనుగంచిప్రోలు తీసుకెళ్ళాడు, ఒక పెళ్ళిజాకెట్టు ఇచ్చి రావడానికి. దారిలో మనుషులతో నిండిన ఆటోలు మమ్మల్ని దాటిపోయాయి. మిరపకాయ బస్తాల ట్రాక్టరు దాటిపోయింది. చివరికి సైకిలు మీద ఒక ముసలాయన మా పక్కకొచ్చి, "బండి చెడిపోయిందా బాబూ?" అని అడిగాడు. వెనక హారను వినబడితే చాలు, రోడ్డు దిగి మట్టిలో ఆగి, అందరూ వెళ్ళాక మళ్ళీ ఎక్కేవాడు.

అలాంటివాడు ఒకరోజు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో ఒక స్టీరింగు, మూడు పెడళ్ళు. దాన్ని కంప్యూటరుకి తగిలిస్తే తెర మీద కారు నడుస్తుందట. సిమ్ రేసింగంటారట. యూరప్‌లో ఎక్కడో ఉన్న రేసు ట్రాకుని అచ్చుగుద్దినట్టు తెర మీద దించారట, పద్నాలుగు మలుపులతో సహా. ఆ ట్రాకుని రెండు నిమిషాల లోపు ఒక్కసారి చుట్టి వచ్చినవాళ్ళనే ఒక ఆన్‌లైన్ పోటీలో చేర్చుకుంటారట.

మొదట దాన్ని పైన అన్నాల బల్లకి బిగించాడు. స్టీరింగు తిప్పుతుంటే బల్ల ఊగి పెరుగ్గిన్నె కింద పడింది. మరదలు స్టీరింగు ఊడదీసి మెట్ల మీద పెట్టింది. అక్కణ్ణుంచి అది నా మీదికి వచ్చింది.

నా కటింగు బల్ల మీకు చూపిస్తాను, ఇదే. పాత ఇంటి వాకిలి తలుపుతో నాన్న చేయించాడు. కదపాలంటే నలుగురు పట్టాలి. నేను మార్కెట్టుకి వెళ్ళొచ్చేసరికి మా తమ్ముడు దీనికి నాలుగు బెజ్జాలు పొడిచి, స్టీరింగుని బోల్టులతో బిగించేశాడు. మిగిలిన జాగాలో ఇంత పెద్ద టీవీ. కింద పెడళ్ళు జారిపోకుండా వాటి వెనక నా రోలు దొర్లించి పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"అక్కా, కొన్నాళ్ళే. రెండు నిమిషాల లోపు ఒక్క ల్యాప్ పడనీ, ఆ రోజే బల్ల నీకిచ్చేస్తా. ప్రామిస్."

"అప్పటిదాకా నేనెక్కడ కొయ్యాలి?"

"కింద కూర్చుని కొయ్యి. మోకాళ్ళకి వ్యాయామం."

చిన్నప్పటినుంచీ వాడడిగితే కాదనలేని జబ్బు నాది. సరే అన్నాను. అప్పటికి దసరా సెలవులు. వాడి ల్యాపు, అంటే ఒక్క చుట్టు, రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లెంతలే, సూదిలో దారం ఎక్కించే పాటి అనుకున్నాను.

నవంబరు వచ్చింది. వాడు రెండు నిమిషాల మూడు సెకన్ల దగ్గర పాతుకుపోయాడు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు నా మిషను మీద పెట్టి ఆ స్టీరింగు ముందు కూర్చునేవాడు. చేతికి గ్లవుజులు కూడా! కరెంటు పోతే కదలని కారుకి గ్లవుజులెందుకో నాకర్థం కాలేదు. మలుపు వచ్చినప్పుడల్లా కుర్చీలో మనిషంతా ఒక పక్కకి ఒరిగేవాడు. వాడి బరువుకి అక్కడెక్కడో కారు ఒరుగుతుందన్నట్టు.

ఒక సాయంత్రం చూస్తున్నాను, వెనక ఇంకెవరిదో కారొస్తుంటే వీడు ట్రాకు దిగి గడ్డిలో ఆగాడు.

"ఎందుకురా ఆగావు?"

"వెనకాయన స్పీడుగా వస్తున్నాడక్కా. పాపం, దారిచ్చా."

"అది రేసన్నావుగా?"

కారుని మళ్ళీ ట్రాకు ఎక్కించాడు. తర్వాత, "అలవాటు," అన్నాడు. ఇలాంటివాడు రేసుకి పేరిస్తాడట!

ఇంకొక వింతుంది. వీడు బాగా తోలిన చుట్టుని ఆ కంప్యూటరు గుర్తుపెట్టుకుని, గాజులాంటి కారు ఒకటి చేసి వీడి ముందు పరిగెత్తిస్తుంది. గోస్ట్ కారంటారట. అంటే దయ్యం కారు. ఆదివారం చర్చిలో పాటలు పాడొచ్చి, మధ్యాహ్నం నా ఇంట్లో తన దయ్యాన్ని తనే తరిమేవాడు. అది ముందుకెళ్తే వీడికి ఉక్రోషం. వీడు ముందుకెళ్తే ఒళ్ళు తెలియని సంతోషం, ఆ సంతోషంలో తర్వాతి మలుపులో గడ్డిలోకి పోయేవాడు. మరదలు మెట్ల మీదనుంచి తొంగి చూసి, "ఏవండీ, గెలిచింది మీరా, మీరా?" అనేది.

నాకు నవ్వొచ్చింది అక్కడిదాకానే. ఎందుకంటే ఆ వారమే మా చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ ముప్పై జాకెట్ల గుడ్డ తెచ్చిచ్చింది. క్రిస్మస్ రోజు అందరూ ఒకే రంగు కట్టుకుని పాడాలట. ముప్పైమంది కొలతలూ నా తలలో ఉన్నాయి, మాటిచ్చేశాను. ఇన్నేళ్ళలో ఒక్క క్రిస్మస్‌కి కూడా నేను మాట తప్పలేదు.

కానీ నేల మీద వంగి ఎన్ని కొయ్యగలను? నాలుగు కోసేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ఐదోది కోస్తున్నప్పుడు లేవలేక, చెయ్యి ఆన్చి, గుడ్డ కొంచెం జరిగినట్టు చూసుకోలేదు. జాకెట్టు చెయ్యి ముక్క వంకరగా తెగింది. నా చేతిలో గుడ్డ తప్పు తెగడం అదే మొదటిసారి. ఆ ముక్కని అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రెండడుగుల అవతల నా బల్ల మీద వాడు ఊఁ, ఊఁ అని కారు తిప్పుతున్నాడు. అంతలోనే ప్రెసిడెంటమ్మ గుమ్మంలోకొచ్చి నేల మీద గుడ్డలూ, బల్ల మీద స్టీరింగూ చూసింది.

"అక్కయ్యగారూ, కుదరకపోతే చెప్పెయ్యండి. నందిగామ నుంచి రెడీమేడు తెప్పిస్తాం."

"ఆదివారం నుంచి కటింగు మొదలుపెడతా. మీరు నిశ్చింతగా వెళ్ళండమ్మా," అన్నాను.

ఆమె వెళ్ళాక నాకు ఒకటే అనిపించింది. వీడు రెండు నిమిషాల లోపు తిరిగితే తప్ప ఈ బల్ల నాకు రాదు. ఊడదీసి పడేస్తే రోజంతా పిల్లాడిలా మొహం వేలాడేసుకుంటాడు, అది నేను చూడలేను. కాబట్టి వీణ్ణి నేనే తిప్పించాలి.

మూడు రోజులు పని మానుకుని వాడి పక్కన కూర్చున్నాను. మొదటి రోజుకే పద్నాలుగు మలుపులూ నాకు కొలతల్లాగే గుర్తుండిపోయాయి. తెర చూడకపోయినా చెవితో తెలిసేది. ఏడో మలుపు హెయిర్‌పిన్నులా వెనక్కి తిరుగుతుంది. అక్కడ ప్రతిసారీ ఒకే తప్పు. మలుపులోకి దూరిపోయాక బ్రేకు మీద దబ్బున తొక్కేవాడు, టైర్లు కీచుమనేవి, కాలు టక్కున తీసేవాడు, కారు అడ్డంగా జారేది. పదకొండులోనూ అదే. నా దగ్గర మిషను నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరూ జాకెట్టు మెడ కుట్టేటప్పుడు మొదటి వారం చేసేది సరిగ్గా ఇదే.

"ఒరేయ్, మెడ ఎలా కుడతారో తెలుసా?"

"అక్కా, ఇప్పుడు డిస్టర్బ్ చెయ్యకు."

"వంపు మొదలవకముందే కాలు ఆన్చి మిషను నెమ్మది చెయ్యాలి. వంపులోకి వచ్చాక గుడ్డ తిప్పుతూ కాలు కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారిగా తొక్కినా, ఒక్కసారిగా తీసినా దారం తెగుద్ది. నువ్వు ఏడో దాంట్లో రోజూ దారం తెంపుతున్నావు."

"అది కుట్టుమిషను. ఇది మూడొందల కిలోమీటర్ల స్పీడు."

"మరి స్కూటరు మీద ముప్పై ఎందుకురా?"

మరదలు మెట్ల మీద కూర్చుని కందిపప్పు ఏరుతోంది. చేట కింద పెట్టి మరీ నవ్వింది. వాడికి రోషం వచ్చింది. ఆ సాయంత్రం నా మాట వినలేదు. కానీ నేను వంటింట్లో ఉన్నప్పుడు ఏడో మలుపులో టైర్ల కీచు తగ్గడం నాకు వినబడింది. నేనేమీ అనలేదు. నా మాట వింటున్నాడని నేను పసిగట్టినట్టు తెలిస్తే మళ్ళీ మానేసే రకం.

శనివారానికి రెండు నిమిషాల ఒక సెకను. ఇక కదల్లేదు. ఈసారి తప్పు కాళ్ళల్లో లేదు, కళ్ళల్లో ఉంది. తెర మూలన అంకెలుంటాయి. దయ్యం కంటే ముందుంటే పచ్చగా, వెనకబడితే ఎర్రగా. వీడు రోడ్డు చూడడు, ఆ అంకెలే చూస్తాడు. నేర్చుకునే పిల్లలు సూది మొనే చూస్తూ కుడతారు, కుట్టు వంకర పోతుంది. ముందున్న సుద్ద గీత చూడమని ఎన్నిసార్లు చెప్పినా కళ్ళు సూది మీదకే. అలాంటి పిల్లలకి నేను గుండుసూదులతో ఒక గుడ్డముక్క పెట్టి సూది కనబడకుండా చేస్తాను.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, వాడు గ్లవుజులు తొడుక్కుంటుంటే వంకరగా తెగిన ఆ చెయ్యి ముక్క తీసుకెళ్ళి టీవీ మూలన అంకెల మీద వేలాడదీసి టేపు అంటించాను. గోస్ట్ కారుని కూడా తీయించాను.

"అక్కా! టైము కనబడదు!"

"నీ టైము నేను చూస్తాను. నువ్వు రోడ్డు చూడు. ఈ మలుపులో ఉన్నప్పుడు అది అయ్యే చోటు చూడు. ఏడులో ముందే ఆన్చు."

"టైము తెలియకుండా ఎవడన్నా రేసు చేస్తాడా?"

"నువ్వు చేస్తావు. లేకపోతే రోలు తీసేస్తా, పెడళ్ళు గోడదాకా జారిపోతాయి."

మొదటి నాలుగు చుట్లు గొణుక్కుంటూ తిరిగాడు. ఐదోది మొదలయ్యేసరికి గొణుగుడు ఆగింది. కుర్చీలో ఒరగడం కూడా ఆగింది. ఏడులో కీచు లేదు. పదకొండులో లేదు. కారు చప్పుడు ఒకే దారంలా తెగకుండా వస్తోంది. మంచి చెయ్యి మెడ కుడుతుంటే మిషను అలాగే మోగుతుంది. పద్నాలుగు దాటాక గుడ్డ ఎత్తి చూశాను. ఒక నిమిషం, యాభై తొమ్మిది, తర్వాత ఏవో చిన్న అంకెలు.

"అయింది, లేరా," అన్నాను.

వాడు గుడ్డ పీకి చూసి అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పాము దూరిందనుకుని కర్ర పట్టుకుని వచ్చారు. వాళ్ళకి విషయం చెబితే కర్రతో సహా అలాగే నిలబడిపోయారు. మరదలు పైనుంచి దిగొచ్చింది.

"ఏవండీ, రెండు నెలలు తోలారు కదా. ఎక్కడిదాకా వెళ్ళారు?"

"నీకర్థం కాదు. యాభై తొమ్మిది!"

"బయల్దేరిన చోటికేనా?"

వాడు ఆమెను పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు, కళ్ళు వెలుగుతున్నాయి. థ్యాంక్సు చెబుతాడేమో అనుకున్నాను.

"అక్కా, పోటీలో పైవాళ్ళంతా యాభై ఆరులో ఉన్నారు. ఇంకో మూడు సెకన్లు. ఈ ఊపులో సంక్రాంతి దాకా బల్ల ఉంచితే..."

అప్పటికే నేను మిషను సొరుగులోంచి పానా తీసి బల్ల కింద దూరాను. మోకాళ్ళు నొప్పెట్టినా ఆ నాలుగు బోల్టులూ నేనే విప్పాను. స్టీరింగు పడకుండా పైన మరదలు పట్టుకుంది. వాడు చూస్తూ నిలబడ్డాడు. ప్రామిస్ చేసింది వాడేగా.

ఆ సాయంత్రమే బల్ల తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పరిచి, సుద్దతో గీత గీశాను. బెజ్జాలున్న చోట సుద్ద దిగబడుతుంది, కొంచెం పక్కకి జరుపుకున్నాను. వంకరగా తెగిన చేతికి బదులు ముక్క నా డబ్బుతో కొన్నాను. క్రిస్మస్ ముందురోజు ముప్పై జాకెట్లూ ప్రెసిడెంటమ్మ చేతిలో పెట్టాను. ఒక్కదానికి కూడా భుజం జారలేదు. చర్చిలో వాళ్ళు పాడుతుంటే నేను పాట వినలేదు, జాకెట్ల చేతులే చూశాను.

మా వాడు స్టీరింగుని నందిగామలో తోటి మాస్టారింట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి అవ్వగానే స్కూటరు మీద అక్కడికి వెళ్తాడు, ఆ మూడు సెకన్లు తగ్గించుకోవడానికి. గంటన్నర పడుతుంది వెళ్ళేసరికి. బస్సుకి ముప్పావు గంట కూడా పట్టదు.

చీకటి పడకముందే బయల్దేరండి తల్లీ. మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరి పనికి వాళ్ళకి చోటు దొరకాలి, చేతులకీ మోకాళ్ళకీ సత్తువుండాలి. మీ పిల్లాజెల్లా కొత్తబట్టలు కట్టుకుని నవ్వుతూ మీ గుమ్మంలో తిరగాలి. దేవుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా కాపాడుగాక.