మస్నియా పిన్ని కొక్కెం

మార్తాపుర ఏటి సంతలో పడవ మీద కూరగాయలమ్మే మస్నియా పిన్ని పందొమ్మిదేళ్లుగా ఒకే మాట చెప్పేది: "నేను బేరగాడి దగ్గరికి పోను. వాడే నా దగ్గరికొస్తాడు." వెదురు కొక్కెం విసిరి బేరగాడి పడవ అంచు పట్టి లాగేది. రెండు పడవలూ కలుసుకునేవి. ఏది కదిలిందో ఎవరు చూడొచ్చారు?

రేవు గుంజ పక్కన మొదటి చోటు ఆవిడదే. కొబ్బరికాయలమ్మే రుకయాకు ఆ చోటు మీద కన్నుపడింది. ఆగస్టు స్వాతంత్ర్య పండుగనాటి పడవల లాగుడు పందెంలో గెలిచినవాళ్లదే చోటన్నాడు ఊరి పెద్దమనిషి. ముందు ఐకమత్యం మీద అరగంట ఉపన్యాసం దంచాడు, అది వేరే సంగతి. రెండు పడవల మధ్య తాడు, నడుమ జెండా కర్ర. ఎవరి పడవ ముందు కర్ర దాటితే వాళ్లు ఓడినట్టు.

మాకు భౌతికశాస్త్రం చెప్పిన అస్ముని మాస్టారు ఊరుకోలేకపోయారు.

"పిన్నీ, తాడు ఆ కొసన ఎంత లాగుతుందో ఈ కొసనా అంతే లాగుతుంది. నువ్వామెను లాగితే అదే తాడు నిన్నూ లాగుతుంది."

"నన్ను లాగడానికి నేనేమన్నా గేదెనా మాస్టారూ?"

మా ఏటి మీద పందెమంటే తేలిగ్గా పరుగెత్తేలా పడవ ఖాళీ చేయడమే. పిన్ని గుమ్మడికాయలన్నీ దింపేసింది, నీళ్లకుండతో సహా. రుకయా మాత్రం నూరు కొబ్బరికాయల మధ్య కూర్చుని, తాడు పడవ ముక్కుకి కట్టేసి, తమలపాకు నములుతోంది.

పిన్ని పళ్లు బిగించి లాగింది. ఆవిడ పడవే జుయ్యిమని కర్ర దాటి రుకయా ఒళ్లోకి వెళ్లింది.

"రా అక్కా, ఆకు వేసుకుంటావా?" అంది రుకయా.

"పలకరిద్దామని వచ్చాలే!"

చోటు పోయింది. మర్నాటి నుంచి పిన్నికి ఏటి వంపే గతి. అటుగా టోకు బేరగాళ్ల పెద్ద మోటారు పడవ వస్తే, అలవాటు కొద్దీ కొక్కెం విసిరి లాగింది. అది ఆవిడ వైపు వీసమైనా జరగలేదు. తెడ్డు వేయకుండానే తానే దాని పక్కకు చేరి, దానితోపాటే రేవు వైపు సాగింది. రేవుకి చేరేలోగా గుమ్మడికాయలన్నీ ఆ బేరగాళ్లకే అమ్ముడయ్యాయి. గుంజకు పడవ కట్టేసుకున్న రుకయా మెడ సాచి చూస్తోంది.

"చూశావా పిన్నీ, నే చెప్పలా?" అన్నారు మాస్టారు సంబరంగా.

"మీరు చెప్పింది తాడు సంగతి. ఇది కొక్కెం," అంది పిన్ని.