అక్క పొడుగు కొవ్వొత్తి

మా అక్కను దారంతో కొలిచింది నేనే. లాల్‌దర్వాజా ఇంట్లో, వెనక గదిలో, నులక మంచం మీద. నడుముకు క్షయ అన్నారు డాక్టర్లు. ఏడాదిగా ఆమె కాళ్ళు మడుచుకుపోయి, చాపబోతే రావడం లేదు. మాకు తల్లి లేదు. నన్ను పెంచింది ఆమే.

ఆస్పత్రిలో పక్క మంచం మీది క్రైస్తవురాలు అక్కకు ఒక సంగతి చెప్పింది. నీలగిరుల్లో ఒక ఊరుందట. అక్కడి పాత శిలువ గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. రోగి ఎంత పొడుగుంటే అంత కొవ్వొత్తి వెలిగించాలి. అది అడుగంటా కాలితే రోగి లేచి నడుస్తుంది. మధ్యలో ఆరితే మొక్కు చెల్లదు. ఆ ఎండాకాలం మా కచేరి అధికారి చల్లదనానికి నీలగిరులకు పోతున్నాడు. దస్త్రాలతో వెంట పోవాల్సిన గుమాస్తాను నేను.

"అక్కా, గిది నాతోని కాదు. ఎనక నుంచి బావను పంపియ్యి" అన్నాను. మొక్కు వ్యాపారమని, పూజారి అందులో దళారి అని నేను ఎన్ని సభల్లో వాదించానో ఆమెకు తెలుసు.

"బావ వద్దు. నువ్వే పోవాలె."

గడప మీద బీడీ కాలుస్తున్న బావ నవ్వాడు. "ఏందిరా బామ్మర్దీ, సభలల్ల దేవుళ్ళ మీద గంత లొల్లి జేస్తివి. ఇగ దేవుడే నీకు నౌకరి ఇచ్చిండు."

"నువ్వు ఊకో" అంది అక్క. "తమ్మీ, నువ్వు దండం గిట్ల ఏం బెట్టకు. ముట్టిచ్చి రా. గంతే."

దారం తెచ్చి కొలిచాను. తల నుంచి, ముడుచుకున్న మడమల దాకా.

కొండ మీద ఒక ఆదివారం సెలవడిగి ఆ ఊరు వెళ్ళాను. పొగమంచులో మనుషులు గొంగళ్ళు కప్పుకుని బారు తీరి నిలబడ్డారు. గుడి బయట కొవ్వొత్తులమ్మే ఆమె కోయంబత్తూరు వైపు తెలుగావిడ. నా దారాన్ని కొవ్వొత్తి పక్కన ఆనించి, కొవ్వొత్తిలో మిగిలిన ముక్క కోసేసింది.

"బిడ్డకి ఎన్నేండ్లు సామీ?"

"నలభై" అన్నాను.

ఆమె దారం చుట్టి నా చేతిలో పెట్టింది.

గుడి లోపల కొవ్వొత్తి ముట్టించాను. వెళ్ళిపోదామని తిరిగినప్పుడు మూలన గంప కనిపించింది. దాని నిండా సగం కాలిన కొవ్వొత్తులు. గుడి పనివాడు పొడుగాటి కర్రతో, మనిషి బయటికి పోగానే ఒక్కో కొవ్వొత్తినీ ఆర్పి అందులో పడేస్తున్నాడు. కరిగించి మళ్ళీ పోస్తారు కాబోలు. నగరంలో ఉంటే ఆ గంప మీద నిప్పులు చెరిగేవాణ్ణి. ఆ రోజు కోపం కూడా రాలేదు. కొవ్వొత్తి పక్కన నిలబడిపోయాను.

పనివాడు నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. "మీరు పోండి సామీ, నేను చూసుకుంటా" అన్నాడు వచ్చీరాని తెలుగులో. నేను కదల్లేదు. మధ్యాహ్నమైంది. చలికి కాళ్ళు మొద్దుబారాయి. లోపల కూడా అట్లాగే ఉంది. చుట్టూ జనం ఏడుస్తున్నారు, పాడుతున్నారు. నా కంటికి కొవ్వొత్తి తప్ప ఏదీ ఆనలేదు. సాయంత్రానికి అడుగంటా కాలిన వత్తి మైనపు మడుగులో ఒరిగి దానంతట అదే ఆరింది. అప్పుడు బయటికి వచ్చాను.

ఇల్లు చేరగానే అక్క అడిగింది. "అడుగుదాంక కాలిందా?"

"కాలింది."

"నువ్వు చూసినవా?"

"చూసిన. గుడి నౌకరు ఆర్పుదామనే తిరిగిండు. నేను జరగలె."

అక్క కళ్ళు మూసుకుంది. "గందుకే నిన్ను తోలిన. మీ బావైతే ముట్టిచ్చి, దండం బెట్టి, పూజారికి ఒప్పజెప్పి వచ్చెటోడు. నువ్వు పూజారిని నమ్మవు."

గడప మీద బావ బీడీ ఆర్పేసి వాకిట్లోకి దిగాడు.

వానలు మొదలైన వారానికి ఆమె పోయింది. కాళ్ళు అప్పుడూ చాపుకోలేదు. వాకిట్లో పాడె కట్టే మనిషి వెదురు కోయబోతూ, "ఎంత పొడుగన్నా?" అని అడిగాడు.

దారం నా కోటు జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను.