చిరిగిన వయసు పేజీ

గచ్చు మీద ఏదో టకటకమని దొర్లిన చప్పుడు విని వంటింట్లోంచి పరుగెత్తాను. మా పాప నా పాత పెన్సిల్ డబ్బా బోర్లించి, ఇరవై ముఖాల ఎర్ర పాచికను నోటి దాకా తెచ్చింది. లాక్కున్నాను. గొంతులో ఇంకేమైనా పడిందేమోనని నోట్లో వేలు పెట్టి చూశాను. నేల మీంచి లేస్తుంటే మోకాలు కలుక్కుమంది. కాన్పు తర్వాత మొదలైన నొప్పి అది. నాకేమైనా అయితే దీనికెవరు దిక్కు అన్న భయం కూడా అప్పుడు మొదలైందే. ఆ పాచిక మాణిక్యం సార్‌ది.

సార్ డ్రాయింగ్ టీచరుగా రిటైరై, నాంపల్లిలో ఒక బైండింగు దుకాణం పైన గదిలో ఉండేవారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలేని ఇంగ్లీషు పుస్తకం దొరికితే, అందులోని ఆట తను నేర్చుకుని కాలేజీ పిల్లలమైన మా నలుగురికి నేర్పారు. ఒక్కొక్కరం ఒక పాత్రను ఊహించుకుని దాని బలం, వివేకం కాగితం మీద అంకెలుగా రాసుకోవాలి. సార్ కథ నడిపిస్తారు, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. కథలో ఏళ్ళు గడిస్తే ఎవరి అంకెలు వాళ్ళు దిద్దుకోకూడదు, కాగితం పక్కవాళ్ళకివ్వాలి. "సొంత వయసు ఎవ్వరు సక్కగ లెక్కవెట్టరు" అనేవారు సార్.

ఆ ఏడే మా నాన్న పోయారు. నేను నా పాత్రను, కోటకు కావలి కాసే నీలవేణిని, చచ్చి తిరిగి లేచినదానిగా మార్చేశాను. ఇక దాన్నెవరూ చంపలేరు. ఒకనాడు సార్ కథను ముప్ఫై ఏళ్ళు ముందుకు జరిపారు. మా నలుగురిలో నా పక్కన కూర్చునే ఇర్ఫాన్ కాగితం నా చేతికొచ్చింది. వాడి వీరుడి బలం మూడు తగ్గించి, వివేకం మూడు పెంచాను.

"జర మెల్లగ చెరుపు, కాగితం చిరుగుతది. నన్ను ముసలోణ్ణి చేస్తుంటే ఎంత ఖుషీనో చూడు" అంటూ వాడు నా కాగితం అందుకున్నాడు. "దీన్నేం చేయాలె సార్? పీనుగకి వయసొస్తదా?"

సార్ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పేజీలు తిప్పారు. "గా పేజీ చిరిగిపోయింది. మనమే అనుకుందాం. బలం తగ్గది, వివేకం పెరగది. ఏళ్ళు ఏం తీస్కపోకుంటే ఏం ఇయ్యవు గూడ."

"అన్యాయం సార్."

"ఏందమ్మా అన్యాయం? నువ్వడిగిందే గదా."

ఆ తర్వాత నీలవేణి ఒక్క దెబ్బకూ పడలేదు. కానీ ఒకరోజు కోట తలుపు దగ్గర ఒక పిల్ల ఏడుస్తూ నిలబడింది. నిజంగా పిల్లా, శత్రువుల మాయా? తేల్చుకోవడానికి నా వివేకం చాలలేదు. తలుపు వేసేశాను. నిజం పిల్లేనని పోల్చుకుని, కుంటుకుంటూ వచ్చి తెరిచింది ఇర్ఫాన్ ముసలి వీరుడే. నేను పాచిక సార్ ముందుకు జరిపాను. నీలవేణికి ప్రాణం తిరిగిమ్మని అడిగాను.

"పక్కానా? మోకాళ్ళు నొస్తయ్" అన్నారు సార్.

నవ్వాను. నాన్న పోయాక నవ్వడం అదే మొదలు.

పెళ్ళయ్యాక ఒక ఆదివారం ఆబిడ్స్‌లో అదే పుస్తకం అట్టతో సహా కనబడింది. చచ్చి లేచినవాళ్ళకు ఏళ్ళు గడిచేకొద్దీ శక్తి పెరుగుతుందని అందులో ఉంది. నేరుగా నాంపల్లి వెళ్ళాను. అప్పటికే సార్ చేతులు వణుకుతున్నాయి.

"మీరు చెప్పింది తప్పు సార్."

"నాకెర్కే." సొరుగు లాగారు. ఆ పేజీ మడతపెట్టి అందులోనే ఉంది. "నేనే చింపిన. ముప్ఫై ఏండ్లు జరిపిన ఆటకు ముందటి రోజే. మీ నాయన పోయినంక నువ్వు ఆడనే నిలవడ్డవ్. బలం పెరుగుతదని జెప్తే ఇగ కదలవనిపించింది."

నన్ను అడక్కుండా నా గురించి తేల్చేశారని కోపం వచ్చింది. "నాతో చెప్పొచ్చు కదా?"

"జెప్తే ఇంటుంటివా?"

సొరుగు నేనే మూసేశాను. వచ్చేటప్పుడు పాచిక నా చేతిలో పెట్టారు. "నాతోని ఇగ సక్కగ పడ్తలేదు. నువ్వెయ్." సార్‌ని చూడడం అదే ఆఖరుసారి.

ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ నా బలం, వివేకం ఒక కాగితం మీద రాసి, రబ్బరుతో సహా మా ఆయనకిస్తాను. ఈసారి బలం దగ్గర రెండు తగ్గించాడు. వివేకం దగ్గర ఆగి, "ఇక్కడెంత వెయ్యను?" అన్నాడు.

"నన్నడక్కూడదు" అన్నాను.

ఆలోచించి ఒకటి పెంచాడు. భయం తగ్గలేదు. కానీ కాగితం నా దగ్గరే దాచుకోవడం లేదు. పాపకు రబ్బరు పట్టుకోవడం వచ్చిన ఏడు, దాని చేతికిస్తాను.