మీసాల దగ్గర ఆగిపోయిన పేజీ

మొన్న అమలాపురం గడియార స్తంభం దగ్గర కొత్తగా పెట్టిన బట్టల కొట్టు కనబడక రెండు చక్కర్లు కొట్టాను. తీరా చూస్తే కొట్టు కళ్లెదుటే ఉంది. దాని బోర్డుకు అడ్డంగా ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీ, అందులో నలభై తలకాయలు. ఒళ్లు మండిపోయింది. ఈమాత్రానికే ఇంత కోపమా అంటారేమో గానీ, ఈ తలకాయల జబ్బు ఇరవై ఏళ్ల కిందటే మా పిన్ని బతుకుకు అడ్డం పడింది.

ఇంటర్నెట్ కావాలంటే నెట్ సెంటరుకెళ్లి గంట లెక్కన కూర్చునే ఆ రోజుల్లో, అటువంటి సెంటరొకటి అమలాపురంలో నేను చూసుకునేవాణ్ణి. మా ఊరు బండారులంకకు కూతవేటు దూరం. బాబాయికి మగ్గం తప్ప ఇంకో పని రాదు. నేసిన చీరలు బీరువాలో మూలుగుతుంటే, ఇల్లు గడవక పిన్ని కువైట్ వెళ్లి ఒకరింట్లో వంటపనికి కుదిరింది. చీరలకు అక్కడ బేరాలు దొరికితే గడువు కాగానే వచ్చేస్తాననీ, లేకపోతే ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టక తప్పదనీ ఉత్తరాల్లో రాసేది. అందుకే మా ఊరి చేనేత సంఘం వాళ్లు వెబ్‌సైటు చేసిపెట్టమంటే ఎగిరి గంతేశాను.

సంఘం ప్రెసిడెంటు గారు నేను తీసిన చీరల ఫొటోలు పక్కన పెట్టేసి, శుభలేఖలో పెద్దల పేర్ల వరస తప్పకూడదన్నంత పట్టుదలగా, ముందు దేవుడు, తరవాత శాలువాతో తాను, ఆ తరవాత కార్యవర్గం పదిమందీ ఒకరికంటే ఒకరు చిన్నగా కనబడకుండా, ఆఖర్న చీరలు అని తేల్చేశారు. ఫోను లైను మీద నడిచే నెట్‌లో ఆ బరువు పేజీ తెరుచుకునేలోగా భోజనం చేసి రావచ్చు. కళ్లారా చూస్తే ఆయనకే తెలుస్తుందని మా సెంటరుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నుదురు, కళ్లజోడు, ముక్కు గీత గీతగా కిందకి దిగుతుంటే ఆయన మురిసిపోయి, "చూసేరా, ఎంత దర్జాగా దిగుతున్నానో!" అన్నారు.

ఏమనాలి ఇలాంటి మనిషిని! ఆయనకు చెప్పకుండా ఆ ఫొటోలన్నీ బొటనవేలంత చేసి, వేరే పేజీలోకి తోసి, చీరల్ని ముందుకు తెచ్చాను. నొక్కీ నొక్కగానే బాబాయి నేసిన జరీ అంచు తెర మీద మెరిసింది. ఆ ముచ్చట మూడు రోజులే. ఎవరో ఈ సంగతి ఆయనకు మోసేశారు. సంఘం ఆఫీసులో పదకొండు మంది ముందు నన్ను నిలబెట్టి, "మమ్మల్ని ఇంత చిన్నగా చేసెయ్యడానికి మీరెవరండీ?" అని ఆయన నిదానంగా అడిగారు. నేనొక వెర్రివెధవను, క్షమించమని చెప్పి పాత పేజీనే మళ్లీ ఎక్కించి వచ్చాను.

ఆ వెంటనే వచ్చిన శుక్రవారం పిన్నికి సెలవు. రాజోలు వైపు నుంచి వెళ్లిన నలుగురు ఆడవాళ్లను, వాళ్లలో ఒకావిడ ఇంట్లో పెళ్లికి చీరలు కావాలంటే, మా వెబ్‌సైటులో చూపిస్తానని బతిమాలి అక్కడి నెట్ సెంటరుకు తీసుకెళ్లింది. గంట అయిపోయాక నాకు ఫోను చేసింది.

"మీ ప్రెసిడెంటు గారు మీసాల దాకా వచ్చేరురా. చీర రాలేదు."

వాళ్లంతా నవ్వుకుని, అక్కడి కొట్లోనే మరమగ్గాల చీరలు కొనుక్కున్నారట. పిన్ని ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టింది, ఆ తరవాత మరో రెండేళ్లకు.

ఇప్పుడు ఏ పేజీ అయినా వేలు తగలగానే తెరుచుకుంటోంది. ఒక్క క్షణం ఆలస్యమైతే విసుక్కునే పిల్లల్ని చూస్తే నాకు గట్టిగా అరవాలనిపిస్తుంది. ఇంత వేగం వచ్చాక చూపించడానికి మా వీధిలో మగ్గాలేవీ? ప్రెసిడెంటు గారి ఫొటో మాత్రం సంఘం గోడ మీద దండతో అంత పెద్దదిగానే ఉంది. పోయిన మనిషిని తిట్టుకోవడం తేలికే గానీ, ఆ రోజు తల వంచింది నేను.

పిన్ని తిరిగొచ్చేసరికి బాబాయి మగ్గం విప్పేసి, కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి సిమెంటు చేయించేశాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా పిన్ని ఆ సిమెంటు మీదే కుర్చీ వేసి కూర్చోమంటుంది. నేను నిలబడే కాఫీ తాగి వచ్చేస్తాను.