జలపాతం ముందు మా అత్త

మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది తుఫాను షెల్టరు. దాని మీదికెక్కి చూస్తే తూర్పున సముద్రం, మిగతా మూడు వైపులా రొయ్యల గుంటలు. నీళ్ళకు కొదవ లేదు. కాకపోతే అన్నీ పడుకునే ఉంటాయి. పైనుంచి కిందికి దూకే నీళ్ళను ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా నేను కళ్ళతో చూడలేదు.

మా ఊరికి దగ్గర్లోని కోట అనే ఊళ్ళో, రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒక రైతు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి, తన రొయ్యలు ఎందుకు చస్తున్నాయో చెప్పమని నన్ను నిలదీస్తుంటాడు. చంపింది నేనే అన్నట్టు చూస్తాడు. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోనులో కొండల ఫోటోలు చూసేదాన్ని. పొగమంచు, పచ్చటి లోయలు, పట్టుదారంలా జారే జలపాతాలు. వాటి కింద మనశ్శాంతి గురించి ఎవరెవరో రాసేవాళ్ళు. ఆ శాంతి నాక్కూడా కొంచెం కావాలనిపించింది.

గూడూరులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఒకాయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది వదిలించుకోవాలని చూస్తుంటే నేను దొరికాను. ఆ కెమెరా ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో గానీ, మీటల సందుల్లో ఇంకా అక్షింతల పసుపు ఉంది. సూదితో గీకి శుభ్రం చేసి, ప్రకృతిని తీయడం మొదలుపెట్టాను.

మొదట పులికాట్ సరస్సు మీద పడ్డాను. చలికాలంలో వచ్చే రాజహంసల్ని మూడు ఆదివారాలు బురదలో నిలబడి తీశాను. నేను మీట నొక్కే సమయానికి అవన్నీ సరిగ్గా వెనక్కి తిరిగేవి. ఆ ఫోటోలు ఇంట్లో చూపించాను. మా అత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా అన్నీ చూసింది.

"కొంగల పిర్రలు తీసేదానికి ఇంత పెద్ద మిషన్ కావాల్నా మే?" అంది.

మా అత్త ముప్పై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని కోట వీధుల్లో చేపలమ్మిన మనిషి. మోకాళ్ళు మొరాయించాయని కాదు, కొనేవాళ్ళతో బేరమాడి విసుగెత్తి మానేసింది. ఇప్పుడు ఇంటి ముందు ఎండుచేపలు ఆరబెట్టుకుంటూ, దారిన పోయేవాళ్ళ మీద అభిప్రాయాలు చెబుతూ ఉంటుంది. మా ఆయన ఆమెకు ఒక్కడే కొడుకు. రొయ్యల మేత తోలే చిన్న వ్యాను నడుపుతాడు. తల్లి మాటకు ఎదురు చెప్పడు, నా మాటకూ చెప్పడు. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే వెళ్ళి వ్యాను కడుక్కుంటాడు.

తడ దగ్గర కొండల్లో జలపాతం ఉందని తెలిసి, ఆ ఎండాకాలమే మా ఆయన్ను బయల్దేరదీశాను. సూళ్ళూరుపేట దాటి, తడలో పడమటికి తిరిగి, అడవి గేటు దగ్గరికి చేరేసరికి పది. గేటు దగ్గర కూర్చున్నాయన మమ్మల్నీ, కెమెరా స్టాండునూ మార్చి మార్చి చూశాడు.

"నీళ్ళు లేవు గదమ్మా. ఉత్త బండలుండాయి. చూస్తారా?"

అంత దూరం వచ్చి ఊరికే పోవడం నామోషీ కదా. లోపలికి నడిచాం. బండలే ఉన్నాయి. ఒకచోట నీళ్ళు పడిన చార మాత్రం ఉంది, దాని కింద ఒక కోతి ఎవరో పారేసిన మజ్జిగ ప్యాకెట్ నాకుతోంది. నేను బండల్ని నలభై రకాలుగా తీశాను. మా ఆయన నీడలో పడుకుని నిద్రపోయాడు. ఆ రోజు మనశ్శాంతి దొరికింది ఆయనొక్కడికే.

ఆ ఏడాది కార్తీకంలో తుఫాను వచ్చి వారం రోజులు వాన కొట్టింది. అది తెరిపిచ్చిన మూడో రోజు నేను మళ్ళీ సంచి సర్దుకుంటుంటే మా అత్త గడపలో నిలబడింది.

"నేనూ వస్తా."

"అది కొండ దారత్తా. రాళ్ళమీద చానా దూరం నడవాల."

"నేను నడిచినంత దూరం నీ మొగుడి బండి తిరగలేదు. పద."

చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. అందులో ఏముందంటే చెప్పలేదు. చిత్రాన్నం అనుకున్నాను.

దారిలో వాగు మూడుచోట్ల దాటాలి. నేను బండకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాను. మా ఆయన స్టాండు మోస్తూ మూలుగుతున్నాడు. మా అత్త చెప్పులు సంచిలో వేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మాకంటే యాభై అడుగులు ముందు నడుస్తోంది. దారిలో కనిపించిన ప్రతిదాని మీదా ఒక మాట వేస్తోంది. ఈ కొండలు చూస్తే ఎవరో బండలు దించి బిల్లు తీసుకోకుండా పారిపోయినట్టున్నాయంది. ఈ చెట్లకు కాయల్లేవు, మరి ఎందుకున్నట్టు అని అడిగింది.

జలపాతం కనబడ్డాక మాత్రం నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. తెల్లటి నీళ్ళు రెండు పాయలుగా మడుగులోకి దూకుతున్నాయి. చప్పుడు చెవుల్లో కాదు, రొమ్ములో వినిపిస్తోంది. అంత దూరంలో ఉన్నా ముఖం మీద తుంపర పడుతోంది. ఇన్నాళ్ళూ ఫోనులో చూసినదాంట్లో ఆ చలి లేదు, ఆ నాచు వాసన లేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

కెమెరా అద్దంలోంచి చూశాను. ఫ్రేము నిండా కుర్రాళ్ళు. చొక్కాలు విప్పేసి, స్పీకరు పెట్టుకుని, మడుగులో గంతులేస్తున్నారు. నేను అరగంట ఎదురుచూశాను. ప్రకృతి ఫోటోలు తీసేవాళ్ళకు ఓపిక ముఖ్యమని చదివాను మరి. మా అత్త ఏ పుస్తకమూ చదవలేదు. బండ మీదికెక్కి, చేపలమ్మిన గొంతును బయటికి తీసింది.

"రేయ్ నాయనా! ఆ పాట ఆపి అవతలికి జరగండి. మా కోడలు నీళ్ళను పటం తీయాల. మీ బొమికలు ఎవురు చూస్తారు?"

జలపాతం చప్పుడు మీద కూడా ఆ మాట ప్రతి అక్షరం వినబడింది. మడుగు ఖాళీ అయ్యింది. ఒకడు "సారీ అవ్వా" అని కూడా అన్నాడు.

స్టాండు నిలబెట్టి, కెమెరా ముందు నల్లద్దం బిగించి, షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచేలా పెట్టాను. అలా తీస్తే నీళ్ళు పట్టులా వస్తాయి. నిజంగానే వచ్చాయి. గర్వంగా మా అత్తకు చూపించాను.

"ఇదేంది మే, దూది పెట్టినావు? నీళ్ళేవి?"

"ఇదొక పద్ధతత్తా. చానాసేపు తెరిచి పెడితే ఇట్టా మెత్తగా వస్తాయి."

"ఉండేదాన్ని ఉన్నట్టు తీసే మిషన్ దొరకలేదా?" అని, ఆమె గుడ్డసంచి తీసుకుని పెద్ద బండ చాటుకు వెళ్ళింది.

తిరిగొచ్చినప్పుడు ఒంటిమీద చిలకపచ్చ పట్టుచీర ఉంది. మా పెళ్ళికి కట్టుకున్నది. నెత్తికి నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుంది.

"ఇప్పుడు నాకొకటి తియ్యి. దండేసేదానికి."

మా ఆయన చేతిలోంచి నీళ్ళ సీసా జారింది. "ఏం మాటలమ్మా అవి!"

"ఏం, నేను పోనా? ఈడే ఉండిపోతానా?" అని కొడుకు నోరు మూయించి, నా వైపు తిరిగింది. "మీ మామను చూసినావు గదా. చచ్చినాక పటం కోసం ఇల్లంతా ఎతికి, యాడా లేకపోతే ఆధార్ కార్డులోది పెద్దది చేసినారు. గోడమీదినించి దొంగ మాదిరి చూస్తా ఉండాడు. నేనట్టా చూడను."

ఆమె చెప్పింది నిజమే. మా మామ మంచి అందగాడట. ఆ పటంలో మాత్రం పోలీసులు పట్టుకొచ్చినప్పుడు తీసినట్టుంటాడు.

"మరి మన సముద్రం దగ్గర తీసేదాన్ని గదత్తా?"

"దాన్ని పుట్టినప్పటినించి చూస్తుండా. పోయినాక కూడా నా ఎనకాల అదేనా?"

కెమెరా ముందు నిలబెట్టగానే ఆమె బిగుసుకుపోయింది. చేతులు రెండూ పక్కలకు అంటించి, గడ్డం పైకెత్తి, రెప్ప వేయకుండా నిలబడింది. నవ్వమంటే పళ్ళు కొరికింది. ఇరవై తీసినా అచ్చం ఆధార్ కార్డే, వెనకాల జలపాతంతో సహా. "చాల్లే" అని ఆమె పట్టుచీరతోనే మడుగులోకి దిగింది. చిన్న పాయ కిందికి వెళ్ళి నెత్తి పెట్టింది. నీళ్ళు నడినెత్తిన పడగానే, కోట చేపల మార్కెట్టులో తప్ప ఎక్కడా వినని ఒక బూతుమాట అరిచి, పగలబడి నవ్వింది. నేను ఆమెను అలా చూడడం అదే మొదలు. పరుగెత్తి స్టాండు తిప్పి మీట నొక్కాను.

షట్టర్ ఇంకా రెండు సెకన్ల మీదే ఉంది. జలపాతం కోసమని మళ్ళీ అక్కడికే మార్చి పెట్టింది నేనే. ఫోటోలో మా అత్త లేదు. తెల్లటి పొగలో ఆకుపచ్చ పొగ ఉంది.

"దయ్యం మాదిరి ఉండాది," అన్నాడు మా ఆయన.

ఇంకొక్కసారి నీళ్ళ కింద నిలబడమని బతిమాలాను. "చలేస్తుండాది, పో" అని ఆమె చీర పిండుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా నేను ఆ ఆకుపచ్చ పొగనే చూస్తూ కూర్చున్నాను.

బిగుసుకుని నిలబడ్డ ఫోటోల్లోంచి ఆమే ఒకటి ఎంచుకుని, ఫ్రేము కట్టించి, నడిగదిలో మా మామ పక్కన తగిలించింది. దండ ఒక్కటే తక్కువ. మర్నెల్లో తడ నుంచి మా దూరపు చుట్టం ఒకాయన ఏదో పనిమీద వచ్చి, గోడ చూసి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. "ఎప్పుడు పోయిందమ్మా? మాకు కబురన్నా చెప్పలేదే!" అని నా ముందు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను జవాబు చెప్పేలోపు మా అత్త వంటింట్లోంచి టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆయన గ్లాసు అందుకోలేదు. ఆమె ఆ కథను వీధి వీధంతా చెప్పుకుంది.

దాంతో వచ్చింది తంటా. మా వీధిలో ముసలమ్మలందరికీ ఒక్కసారిగా పటం కావాల్సి వచ్చింది. అందరికీ వెనకాల జలపాతమే కావాలి. సంక్రాంతి దాటాక ఒక ఆదివారం మా ఆయన వ్యానులో మేత బస్తాలు దించేసి, జంపఖానా పరిచి, ఏడుగురిని ఎక్కించాడు. మా అత్త ముందు సీట్లో కూర్చుని దారి చూపించింది. అడవి గేటు దగ్గరాయన లెక్కపెట్టుకుని, "ఏ గుడికమ్మా?" అని అడిగాడు.

"పటాలకు," అంది మా అత్త.

ఏడుగురిలో ఆరుగురు మంచి చీర తెచ్చుకోవడం మరిచిపోయారు. గుర్తున్న ఒకామె తెచ్చిన చీర ఎవరికీ నచ్చలేదు. చివరికి మా అత్త ఆ నచ్చని చీర తను చుట్టుకుని, తన చిలకపచ్చ చీర విప్పి ఇచ్చింది. ఒకరి తర్వాత ఒకరు బండ చాటుకు వెళ్ళి అదే కట్టుకుని వచ్చారు. పొట్టివాళ్ళు కుచ్చిళ్ళు దోపుకున్నారు, పొడుగువాళ్ళ కాళ్ళు నేను తీయలేదు. ఈసారి షట్టర్ మీదే నా కళ్ళన్నీ.

అందరికంటే ఆఖర్న వచ్చింది మా ఇంటికి మూడో ఇంటి అవ్వ. పీతలు పట్టి అమ్మేది. ఎక్కువ మాట్లాడదు. ఆమె నీళ్ళ దగ్గరికి వెళ్ళి దోసిలితో తీసుకుని నాలుకకు తగిలించుకుంది.

"తియ్యగుండాయే," అంది ఆశ్చర్యపోయి. "ఇన్ని నీళ్ళూ తియ్యనివేనా?"

ఫోటో తీయించుకున్నాక మిగతావాళ్ళు పులిహోర దగ్గర చేరారు గానీ, ఆమె మడుగు ఒడ్డున కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. వెనకనుంచి ఆమెనూ, ఆమె ముందు అంత ఎత్తు జలపాతాన్నీ తీశాను. ఇప్పటిదాకా నేను తీసినవాటిల్లో అదొక్కటే మంచిది. అందులో ముఖం లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. దూదిలాంటి నీళ్ళ ఫోటోను ఒక పోటీకి పంపాను. దాన్నీ ఎవరూ అడగలేదు.

ఆ అవ్వ మొన్న ఆషాఢంలో పోయింది. జ్వరం రెండు రోజులే. పెద్దకర్మ నాడు వాళ్ళ ఇంటి ముందు షామియానా వేసి, కుర్చీలో ఆమె పటం పెట్టి, బంతిపూల దండ వేశారు. నేను తీసిన ఫోటోకు దండ పడడం అదే మొదటిసారి. వచ్చినవాళ్ళందరూ పటం దగ్గర ఆగి చూస్తున్నారు. ఎంత బాగుందో మనిషి అంటున్నారు. వెనకాల అదెక్కడ అని గుసగుసలు. ఒకామె ఏడుస్తూనే నా పక్కకొచ్చి, ఇప్పుడు అక్కడ నీళ్ళుంటాయా అని అడిగి వెళ్ళింది. ఆ తియ్యటి నీళ్ళు తాగిన ముఖం మళ్ళీ చూద్దామని పటం వైపు తిరిగాను.

అప్పుడు కనిపించింది. ఆమె భుజం పక్కన, నీళ్ళకు కాస్త ఎడంగా, బండమీద ఎవరో ఎర్ర నిక్కరు ఆరేసి ఉన్నారు. తీసినప్పుడు చూడలేదు. ప్రింటు వేయించినప్పుడూ చూడలేదు. ఇప్పుడు దండ సరిగ్గా దాని చుట్టూ పడింది.

పక్కన మా అత్త కూర్చుని ఉంది. ఆమె కూడా పటాన్నే చూస్తోంది. కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ ఎర్రగుడ్డ ఏంది మే?"

"నిక్కరత్తా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదరడం మొదలైంది. నేను తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఇద్దరం అలా ఊగిపోతుంటే పోయినామె కూతురు వచ్చి మా పక్కన కూలబడి, మా ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసి, "మా అమ్మంటే మీకెంత ప్రేమక్కా" అని భోరుమంది. అప్పుడు మాకూ నిజంగానే ఏడుపొచ్చింది. ముగ్గురం చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.