ఎనిమిది లేని లెక్క

మా నాయనకు నాయన, మా జేజినాయన, కోడుమూరు దగ్గర, తెల్లదొరలు పెట్టిన మిషన్ బడిలో లెక్కల పంతులు. ముసలితనంలో బడి మానుకున్నాడు కానీ లెక్కలు మానుకోలేదు. నన్ను చూడటానికి ఎవరొచ్చినా, పాస్టరయ్య ప్రార్థన ముగించి ఆమెన్ అనడమే ఆలస్యం, పెండ్లికొడుకు ఒళ్లో పలక పెట్టేవాడు. "గుణగణాలు పాస్టరయ్య చూసుకుంటాడు, గుణకారం నేను చూసుకుంటా" అనేవాడు.

అడిగేది ఎప్పుడూ ఒకటే లెక్క.

"పలక మీద రాయి నాయనా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, తొమ్మిది. దీన్ని తొమ్మిది పెట్టి గుణించు."

ఇందులో ఎనిమిది లేదు. చెప్పినట్టే రాసి గుణిస్తే తొమ్మిది ఒకట్లు వరుసగా నిలబడతాయి. కావాలంటే ఆ తొమ్మిది ఒకట్లను తొమ్మిది పెట్టి భాగించి చూడండి, తిరిగి ఈ సంఖ్యే వస్తుంది, ఎనిమిది దానంతటదే ఎగిరిపోతుంది. ఎనిమిదిని దూర్చారా, ఒకట్ల మధ్య, చివరి దానికి ముందు, ఒక సున్నా వచ్చి కూర్చుంటుంది.

మా వైపు పెద్దవాళ్ల తప్పు ఎత్తిచూపడం మర్యాద కాదు. పాపం ముసలాయన మరిచిపోయినట్టున్నాడనుకొని, వచ్చినవాళ్లంతా నోరెత్తకుండా ఎనిమిది వాళ్లే రాసేవాళ్లు. సున్నా కనబడగానే జేజినాయన పలక లాక్కునేవాడు, సంబంధం అంతటితో సరి. అట్లా మర్యాదస్తులంతా మా ఓళిగలు తిని వెళ్లిపోయారు. పిల్ల ఇంట్లోనే ముసలిదవుతుందని అమ్మ ఏడ్చేది. నాకూ భయంగానే ఉండేది.

తర్వాత ఓర్వకల్లు నుంచి ఒకాయన వాళ్లమ్మతో బండి కట్టుకొని వచ్చాడు. అంత ఎండన పడి వచ్చి కూడా, తాను గొంతు తడుపుకోకముందే ఎద్దులకు నీళ్లు పెట్టాడు. తలుపు సందులోంచి చూశాను. నాకు చాలా నచ్చాడు.

ఆమెన్ అయింది, పలక ఒళ్లోకి వచ్చింది. నేను నీళ్ల చెంబుతో పక్కనే నిలబడి ఉన్నాను. ఏడు దాకా చక్కగా రాశాడు. జేజినాయన "తొమ్మిది" అన్నాడు. ఈయన ముసలాయన ముఖం జాలిగా చూసి, బలపాన్ని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. ఈ సంబంధమూ పోయిందనుకున్నాను.

"ఎనిమిది రాయొద్దండీ. చెప్పినంతే రాయండి" అనేశాను.

పెండ్లిచూపుల్లో పిల్ల నోరు విప్పడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. పాస్టరయ్య మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆయన మాత్రం నా వైపు చూసి, బొటనవేలితో ఎనిమిదిని తుడిచి, తొమ్మిది రాసి గుణించాడు. ఒకట్లు బారుగా నిలబడ్డాయి.

వాళ్లమ్మ లేచింది. "పెండ్లి కాకముందే నా కొడుక్కి చెప్తాండాది. చెప్పించుకొని రాస్తే అది లెక్క యాడయితాది?"

"లెక్క ఎవురికి కావల్లమ్మా?" అన్నాడు జేజినాయన. "చెప్తే వినేటోడు కావల్ల. నీ కొడుకు నా మాట వినలే, దాని మాట విన్నాడు. ఇంగేం కావల్ల?"

ఆ వేసవిలోనే మా పెండ్లి జరిగింది. ఇప్పటికీ నా మీద కోపమొస్తే మా ఆయన పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో ఎనిమిది రాసి పొలానికి పోతాడు. సాయంత్రం వచ్చి తనే తుడుస్తాడు. తుడిచేదాకా నేను సంగటి పెట్టను.