అయిదువేల పోర్టు దొరకని పరీక్ష

వీపనగండ్ల నుంచి వనపర్తి కాలేజీకి బస్సులో పోయేవాళ్లకు ఒక అలవాటుంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరితే ఆ సీటు విసిరినవాళ్లదే, మనిషి ఇంకా కిందే ఉన్నా సరే. నాకిది చూస్తే ఒళ్లు మండేది. నా చెయ్యి కిటికీ దాకా అందదు మరి.

నెట్‌వర్క్ ల్యాబ్ పరీక్షలోనూ అదే గతి పట్టింది. అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే హైదరాబాదులో వచ్చిన ఉద్యోగం పోతుంది. మా తెరలు వేరైనా, అందరి ప్రోగ్రాములూ నడిచేది మూలనున్న ఒకే సర్వర్‌లో. అందులో ఒక పోర్టు నంబరును, అంటే ప్రోగ్రాముకు సందేశాలు వచ్చే తలుపు నంబరును, ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి దొరకదు. రికార్డు పుస్తకంలో అయిదువేలని ఉంది కనుక క్లాసంతా అయిదువేలే కొట్టింది, నాతో సహా. రన్ చేయగానే తెర మీద పడింది: ఈ అడ్రస్ ఇప్పటికే వాడకంలో ఉంది.

అయిదువేల ఒకటి పెట్టాను. అదీ లేదు. రెండు, మూడు... అందరి బుర్రలూ ఒకేలా పనిచేస్తున్నాయి, ఒక్కో అంకె పెంచుకుంటూ ఒకరి వెనక ఒకరం పరుగెడుతున్నాం.

“ఎవరే పట్టుకోని కూసున్నది?” అని గట్టిగానే గొణిగాను.

“ఏందమ్మా, జర కుదురుగ కూసో” అన్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్.

విసుగొచ్చి నంబరు తీసేసి సున్నా పెట్టాను. సున్నా ఇస్తే ఖాళీగా ఉన్న పోర్టును సర్వరే వెతికి ఇస్తుందని ఎప్పుడో చదివాను. ఏ నంబరు ఇచ్చిందో చూపించే లైను ఒకటి రాసి, ఆ నంబరునే సందేశం పంపే క్లయింటు ప్రోగ్రాముకు ఇచ్చాను. హలో అని పంపితే హలో అని తిరిగొచ్చింది, పరీక్షలో అడిగిందదే. ఏడుపొచ్చినంత పనైంది.

ఎగ్జామినర్ చూసి మార్కులు వేశాడు. ఇక పోవచ్చు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కిందటిసారి నాతోపాటే తప్పిన స్నేహితురాలు ఇంకా అంకెలు మారుస్తూనే ఉంది. ఆగలేకపోయాను.

“సున్నా పెట్టవే! అదే ఇస్తది!”

ఎగ్జామినర్ నా కాగితం మళ్లీ తీశాడు. “నీదైపోయింది గద, నీకెందుకమ్మా?” అంటూ వేసిన మార్కులు కొట్టేసి తక్కువ వేశాడు. ఎంత తక్కువో చూపించలేదు.

ఫలితాలు వచ్చేదాకా అన్నం సహించలేదు. చివరికి ఇద్దరం పాసయ్యాం. నాకు ఉద్యోగం నిలిచింది. ఆమెకు మాత్రం నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, ఆ మంట నాకింకా చల్లారలేదు.